మళ్ళీ ఒక్కసారి ఏడవమన్నాడు

నా కూతురు చదివే చదువు పేరు నాకు నోరు తిరగదు. తిరిగినా పలకను. మనుషుల్ని చదివే చదువట. మణుగూరు కాలనీలో మా క్వార్టరు ముందు కుళాయి దగ్గర ఎవరైనా "మీ తబితా ఏం చదువుతుంది సవరమ్మా?" అని అడిగితే "ఎమ్మే" అని ఊరుకునేదాన్ని. ఎందులో అని అడిగారా, బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని. పక్కింటి పిల్ల ఫార్మసీ, ఎదురింటి పిల్ల బీటెక్, మా పిల్ల మనుషులు. చెప్పుకోవడానికి బాగుంటుందా?

ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను, అసలు ఆ క్లాసులో మీకేం చెప్తారే అని.

"ఒక ఊరికి పోయి అక్కడోళ్ళతోని కలిసి ఉండాలె అమ్మా. వాళ్ళు తిన్నది తినాలె, చేసే పని చెయ్యాలె. ఉంటనే అన్నీ చూడాలె. గదే పద్ధతి."

"అంటే అత్తగారింట్ల కొత్త కోడలు చేసే పని."

"గట్ల కాదమ్మా..."

"మరెట్ల? మీ నాయనమ్మ దగ్గర నేను ఏండ్లకేండ్లు చేసిన. నాకెవరూ పట్టా ఇయ్యలే."

వాళ్ళ నాన్న జయరాజ్ షిఫ్టుకు పోతూ, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ నవ్వాడు. కూతురు ఏం చేసినా ఆ మనిషికి నవ్వే. బొగ్గు గనిలో పనిచేసే మనిషికి కాస్తయినా భయం ఉండాలి. తన వాటా భయం కూడా నాకే వదిలేసి హాయిగా తిరుగుతాడు.

పోయిన వేసవి ఆ చదువుకు ఆఖరు. ఎక్కడో ఒకచోట ఉండి, చూసిందంతా చిన్న పుస్తకమంత రాసి, గైడు చేత సంతకం పెట్టించుకోవాలట. సంతకం లేకపోతే ఎమ్మే లేదు. ఆ గైడు వెంకటరామారావు గారని హైదరాబాదులో పెద్ద ప్రొఫెసరు. ఆయన మా పిల్లకు ఇచ్చిన విషయం ఏమిటో తెలుసా? ఏడుపు. లంబాడీ పెళ్ళిలో పుట్టిల్లు వదిలే ముందు పెళ్ళికూతురు తల్లినీ తండ్రినీ అయినవాళ్ళందరినీ మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. ధావ్లో అంటారు దాన్ని. అది విని, రికార్డు చేసి, దాని వెనక ఏముందో రాయాలి.

"ఏడుపు వెనక ఏముంటదే? ఏడుపే ఉంటది," అన్నాను.

తబితాకు కోపం రాలేదు. నా మాటలకు కోపం తెచ్చుకోవడం అది ఇంటర్ లోనే మానేసింది. ఈ ఎమ్మే అయ్యాక ఇదే చదువులో ఇంకా పైకి, డాక్టరేటు దాకా పోతానంది. అంటే ఇంకా ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో. ఖమ్మంలో ఒక మిషన్ స్కూలు హాస్టల్లో వార్డెను ఉద్యోగం ఉందని పాస్టరమ్మ గారు అప్పటికే నా చెవిన వేశారు. గోడలున్న ఉద్యోగం, గేటున్న ఉద్యోగం. అందుకని మాట తీసుకున్నాను.

"బడులు తెరిచేలోపల మీ సారు సంతకం తెచ్చుకో. తెచ్చుకుంటే ఇంకెంత చదువుతవో నీ ఇష్టం. తేలేదనుకో, వార్డెనుగ చేరతవ్. మళ్ళ నోరెత్తొద్దు."

"సరే," అంది. అంత తొందరగా సరే అన్నందుకు కూడా నాకు భయం వేసింది.

ఖమ్మంలో ఇంటర్ చదివేటప్పుడు తబితాకు పుష్ప అని ఒక రూమ్మేటు ఉండేది. లంబాడీ పిల్ల. నర్సింగ్ చేసి ఖమ్మంలోనే ఒక దవాఖానాలో పనిచేస్తోంది. ఆ పిల్ల పెళ్ళి మే నెలలో పెట్టుకున్నారు. వాళ్ళ తండా ఇల్లెందు దారిలో బస్సు దిగి, ఆటోలో అడవి అంచుదాకా పోతే వస్తుంది. పెళ్ళిదాకా అక్కడే ఉంటానంది మా పిల్ల. నేను రాత్రింబవళ్ళు ఆలోచించాను. పాములు, తేళ్ళు. అడవిలో బీడీల తునికాకు కోసే రోజులు కాబట్టి ఎలుగుబంట్లు. మలేరియా. పోలీసులు ఎవరినో వెతుక్కుంటూ వచ్చి ఎవరినో పట్టుకుపోవడం. ఇవన్నీ వరసపెట్టి చెబుతుంటే జయరాజ్ అన్నం ముందు నుంచి లేచాడు.

"గంత భయమైతే నువ్వు కూడ పో. ఈడుండి నన్నెందుకు సంపుతవ్?"

పోయాను. తల్లిని వెంటేసుకుని మనుషుల్ని చదవడానికి పోయింది ఆ యూనివర్సిటీ మొత్తంలో నా కూతురు ఒక్కతే అయ్యుంటుంది.

ఆటో తండాలోకి మలుపు తిరగడంతోనే వినబడింది. ఆడవాళ్ళ ఏడుపు. మామూలు ఏడుపు కాదు, గుండెలు జారిపోయే ఏడుపు. పెళ్ళివారి ఇంట్లో చావు! ఇంటి ముందు చూరు కింద ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. ఒకామె అద్దాల లంగా కట్టిన ముసలామె, ఇంకొకామె చీరలో ఉంది. నేను ఆటో దిగి, సంచి కింద పడేసి, కొంగు తలమీదికి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"దయగల తండ్రీ, దుఃఖంలో ఉన్న ఈ కుటుంబాన్ని ఆదరించు ప్రభువా. పోయిన ఆత్మకు..."

ఏడుపు ఆగిపోయింది. కళ్ళు తెరిచేసరికి తండాకు తండా నా చుట్టూ ఉంది. పుష్ప పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను లేపింది.

"ఎవ్వరు పోలే ఆంటీ! మా పెద్దమ్మ వచ్చింది, ద్వాలి పెద్దమ్మ. చాన దినాలకు కలిస్తే మా ఆడోళ్ళు గిట్లనే ఏడుస్తరు. రాం రాం అన్నట్టే."

"చుట్టాలొస్తే ఏడుస్తరా?"

"మీరు ఏం చేస్తరు?"

"కాళ్ళకు నీళ్ళిస్తం," అన్నాను.

చీర కట్టుకున్నామె పుష్ప తల్లి రూప్లి. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ ముసలి ద్వాలి మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, "ఆపినవేంది? సదువు సదువు, మంచి మాటలే గదా," అంది. మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో వదలడం నాకూ భయమే. ఎవరూ చావని ఇంట్లో ఆదరణ ప్రార్థన ఆమెన్ దాకా చేశాను. రూప్లి మొగుడు దేవ్‌సింగ్ రుమాలు తీసి చేతిలో పట్టుకుని, అయిపోయేదాకా నిలబడి, తర్వాత నాకు చల్లటి కూల్‌డ్రింకు సీసా తెచ్చి ఇచ్చాడు.

అప్పుడు ద్వాలి తబితాను చూసింది. పుష్ప దోస్తు అని చెప్పారు. అంతే, వచ్చి మెడ మీద చేతులు వేసి మళ్ళీ రాగం అందుకుంది. నా కూతురేం చేసింది? ఒక చేత్తో ముసలామె వీపు తట్టింది, రెండో చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుంది. రికార్డింగ్. పడిపోతున్న గోడకు ఆనించిన గుంజలాగా నిలబడింది. ద్వాలి చటుక్కున వదిలేసి రూప్లితో ఏదో అంది. అందరూ చప్పున మొహాలు తిప్పుకున్నారు.

"ఏమన్నది పిన్నీ?" అని అడిగింది తబితా.

రూప్లి దాచలేదు. "నీ మెడ కట్టె లెక్క ఉన్నదట. మెడ మీద పడి ఏడిస్తే ఏడవాలె బిడ్డా. రాకపోతే ముక్కన్న చీదాలె. గట్ల ఫోను చూసుకుంట నిలబడ్డవంటే, నువ్వు నాకు ఏం కావు అన్నట్టు."

అప్పటి తబితా మొహం చూడాలి. నాకు జాలి వేయలేదు. ఇంత చదువు చదివి, ఏడ్చేవాళ్ళ ముందు ఎలా నిలబడాలో నేర్పలేదా ఆ పెద్ద సార్లు?

తండాలో రోజులు ఆకుతో మొదలై ఆకుతో అయిపోయేవి. తెల్లారకముందే ఆడవాళ్ళు అడవిలోకి పోయి తునికాకు కోసుకొచ్చేవారు. ఎండ ముదిరాక చూరు కింద కూర్చుని యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కట్టేవారు. తబితా వాళ్ళతో పోయేది. అది తిరిగొచ్చేదాకా నేను వాకిట్లో నిలబడి అడవి వైపు చూసేదాన్ని. నన్ను చూసి చూసి రూప్లికి విసుగొచ్చినట్టుంది.

"అక్కా, నిలబడ్డంత మాత్రాన ఎలుగుబంటి ఆగదు. ఈ నార చీల్చు."

చీల్చాను. కూర్చుని చేసే పనిలో భయానికి చోటు తక్కువ అని ఆమె అనుకుని ఉంటుంది. నాకు అన్ని పనుల్లోనూ చోటుంటుంది.

ఆ చూరు కిందే పుష్పకు ఏడుపు పాఠాలు. పెళ్ళికి ఇంకా వారం పైన ఉండగానే ద్వాలి మొదలుపెట్టింది. ఆమె ఒక మాట రాగం తీసి చెబుతుంది, పుష్ప తిరిగి చెప్పాలి. తల్లికి వేరే మాటలు, తండ్రికి వేరే, అన్నదమ్ములకు వేరే. తల్లి దగ్గర పాలు తాగిన సంగతి ఎత్తుకోవాలి, తండ్రి దగ్గర వాకిలి సంగతి ఎత్తుకోవాలి. పుష్పకు రెండు మాటలు కాగానే నవ్వొచ్చేది.

"నాతోని కాదు పెద్దమ్మా. దవాఖానాల దినాం ఏడుపులు ఇని ఇని నాకు ఏడుపే రాదు."

"సూదులు గుచ్చేదానివి, నీకెందుకొస్తది?"

"డీజే పెడుతున్రు కద, ఏడవకుంటే ఎవ్వరికి తెల్వదు."

"పెండ్లినాడు ఏడవని పిల్లను పుట్టింటోళ్ళు మళ్ళ పండగకు పిలుస్తరా? ఏం జూసి పిలవాలె నిన్ను?"

ఏడుపు నేర్చుకునేది ఒకతి, నేర్పేది ఒకతి, అది చూసి రాసుకునేది నా కూతురు, ముగ్గురికీ నార అందించేదాన్ని నేను. ఇదీ మా పెద్ద చదువు. ఇంటి నుంచి జయరాజ్ ఫోను చేసి "ఎట్ల సాగుతున్నది?" అని అడిగితే, "రాగం కుదర్లే ఇంకా," అని చెప్పాను.

పెళ్ళికి ముందు రోజు వెంకటరామారావు గారు కారులో దిగారు. తెల్లటి మనిషి, తెల్లటి చొక్కా. మాట తేనె. దేవ్‌సింగ్‌కు రాం రాం చెప్పాడు, ద్వాలికి వాళ్ళ భాషలోనే ఏదో కుశలం అడిగాడు. తండా అంతా సంబరపడింది. నేను కూడా, ఒప్పుకోవాలి, లేచి నిలబడి కొంగు సర్దుకున్నాను. సంతకం పెట్టే చెయ్యి అదే కదా.

తర్వాత కెమెరా తీశాడు. ఇంటి ముందు డిష్ యాంటెనా ఉంటే, అది పడకుండా పక్కకు జరిగాడు. జరిగిన చోట దేవ్‌సింగ్ ట్రాక్టరు అడ్డమొచ్చింది. దాన్ని అవతల పెట్టించాడు. ప్లాస్టిక్ కుర్చీలు తీయించాడు. పుష్ప చేతికున్న గడియారం తీసేయమన్నాడు. రూప్లిని చూసి, "అమ్మా, మీరు మీ సంప్రదాయ దుస్తులు వేసుకోరా?" అని అడిగాడు.

"పెట్టెల ఉన్నది సార్. బరువు. ఉక్క పోస్తది."

"ఒక్క పది నిమిషాలు వేసుకుంటే చాలు."

పెళ్ళింటి పనంతా నెత్తిన ఉన్న మనిషి, లోపలికి పోయి అద్దాల లంగా కట్టుకుని, చెమటలు కారుతూ వచ్చి గోడ పక్కన నిలబడింది. ఆయనకు తండా కావాలి. తండాలో ఉండేవాళ్ళు వద్దు.

తబితా ఆయన వెనకాలే సంచి పట్టుకుని తిరుగుతోంది. నేను దగ్గరికి పోయి చిన్నగా అడిగాను. "ఈయన దీన్నే ముప్ఫై ఏండ్ల సంది చేస్తుండా?"

"అవ్."

"జీతమిస్తరా?"

"చాన ఇస్తరు."



మర్నాడు పెళ్ళి. అది ఎలా జరిగిందో చెప్పను, పెళ్ళిళ్ళన్నీ ఒక్కటే ఉక్క, ఒక్కటే గోల. సాగనంపే వేళకు కారు వచ్చి వాకిట్లో ఆగింది. డీజే వాడు ఇంకా మోగిస్తూనే ఉన్నాడు. సారు తబితా చేతికి ఒక చిన్న రికార్డరు ఇచ్చాడు, తన దగ్గరున్న అన్నిటికన్నా మంచిదట. "నువ్వు పెళ్ళికూతురికి దగ్గరగా ఉండు. ఎక్కడా శబ్దం పోకూడదు. నీ డిసర్టేషన్ అంతా ఇదే, గుర్తుంచుకో," అన్నాడు.

పుష్ప లోపలి నుంచి వచ్చింది. నవ్వుతూనే వచ్చింది. వచ్చి రూప్లిని చూసింది. అంతే, ఏమైందో ఏమో, "యాడీ..." అని ఒక్క అరుపు అరిచి తల్లి మెడ మీద పడింది. ద్వాలి నేర్పిన మాటల్లో సగం మర్చిపోయింది. మధ్యలో తెలుగు వచ్చేది, మధ్యలో ఊరికే గాలి వచ్చేది. తండ్రి దగ్గరికి వచ్చేసరికి రాగమే లేదు, ఒట్టి ఏడుపు. దేవ్‌సింగ్ రుమాల్లో మొహం దాచుకున్నాడు. డీజే వాడు తనంతట తానే సౌండు తగ్గించాడు.

తర్వాత తబితా దగ్గరికి వచ్చింది. మెడ పట్టుకుంది.

నేను చూస్తూనే ఉన్నాను. తబితా చేతులు రెండూ పుష్ప వీపు మీద పడ్డాయి. అది ఏడ్చింది. పాఠం నేర్చుకుని ఏడ్చిన ఏడుపు కాదు. చిన్నప్పుడు బడిలో దిగబెట్టి వస్తుంటే ఏడ్చేది చూడండి, ముక్కూ నోరూ ఏకమై, ఆ ఏడుపు. రికార్డరు పిడికిట్లోనే ఉండిపోయి, పుష్ప పట్టుచీరకు అణిగిపోయింది.

సారు రికార్డరు అందుకుని, హెడ్‌ఫోన్లు చెవులకు తొడుక్కుని విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మొహం చిట్లించాడు.

"ఏమీ రాలేదమ్మా! చీర రాపిడి తప్ప ఏమీ లేదు. తల్లిది కూడా డీజేలో కలిసిపోయింది." గడియారం చూసుకున్నాడు. "తబితా, మళ్ళీ ఒక్కసారి చేయమని చెప్పు. తల్లి దగ్గర నుంచి. ఆ డీజే పూర్తిగా ఆపించు. రెండు నిమిషాల పని."

అరిచి చెప్పలేదు. మర్యాదగానే చెప్పాడు, కాఫీలో కాస్త చక్కెర వేయమన్నట్టు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది. పుష్ప ముక్కు తుడుచుకుంటూ తబితా వైపు చూసింది. చేయాలా అన్నట్టు చూసింది. దోస్తు చదువు కదా, అడిగితే చేసేది కూడా. రూప్లి కదలకుండా నిలబడింది.

తబితా పుష్ప చెయ్యి పట్టుకుంది. తీసుకుపోయి కారులో కూర్చోబెట్టింది. బయట వేలాడుతున్న చీర కుచ్చిళ్ళు లోపలికి సర్దింది. డోరు వేసింది. ముందుకు పోయి డ్రైవరుతో, "పోనియ్ అన్నా," అంది.

కారు పోయింది.

 సారు రూప్లి ఇచ్చిన మజ్జిగ తాగాడు, బాగుందన్నాడు. రికార్డరు డబ్బాలో పెట్టుకుంటూ, "నీకు ఈ పనికి కావలసిన నిబ్బరం లేదమ్మా," అని తబితాతో అన్నాడు. తన కారు ఎక్కాక అద్దం దించి ఇంకో మాట అన్నాడు. "మంచి రికార్డింగ్ ఒకటి తీసుకురా. లేకపోతే నేను సంతకం పెట్టలేను."

మణుగూరు వచ్చేశాం. తబితా సంచి విప్పలేదు. ఇంకో పెళ్ళికి పోతావా అని వాళ్ళ నాన్న అడిగితే తల అడ్డంగా ఊపింది. కూలర్ ముందు పడుకుని గోడ చూస్తూ ఉండేది. ఒక రోజు తనే అంది:

"పాస్టరమ్మ గారికి చెప్పమ్మా. చేరతా."

నేను సంతోషించాను. అబద్ధం ఎందుకు? వెంటనే ఫోను చేశాను. వార్డెన్లు కట్టుకోవడానికని మూడు కాటన్ చీరలు గంజి పెట్టాను. గోడలున్న ఉద్యోగం, గేటున్న ఉద్యోగం, నా కూతురు ఇంక అడవిలోకి పోదు. అనుకున్నదంతా అయింది. కానీ ఒక్కటే గొంతులో ముల్లులాగా గుచ్చుకునేది. ఆ చదువు పనికిమాలినదని అనాల్సింది నేను. రెండేళ్ళుగా అంటున్నదీ నేను. మాన్పిస్తే నేను మాన్పించాలి గానీ, మధ్యలో ఆ తెల్లచొక్కా ఎవడు?

జూన్ మొదట్లో, బడులు తెరవబోతున్నారనగా, జయరాజ్ ఫోను మోగింది. తబితా ఫోను ఎత్తడం లేదని సారు ఆ నంబరు కనుక్కుని చేశాడు. జయరాజ్ "అవ్ సార్, అవ్ సార్" అని రెండుసార్లు అని, నిప్పుకణికెలాగా నా చేతిలో పెట్టాడు.

"నమస్కారమమ్మా. మీ అమ్మాయి తెలివైనది. ఆవేశం ఎక్కువ. ఒక దారి ఆలోచించాను."

"చెప్పండి సార్."

"ఆ తండాలో ద్వాలి అని ముసలామె ఉంది చూశారా, ఆమెను ఒక్కరోజు హైదరాబాదు తీసుకురండి. మాకు స్టూడియో ఉంది. చల్లగా ఉంటుంది, ఏ శబ్దమూ ఉండదు. ఆ ఏడుపు ఏడిస్తే చాలు. సంతకం నేను అక్కడే పెట్టేస్తాను."

"ఎవరి మెడ పట్టుకుని ఏడవాలె సార్?"

"ఎవరూ అక్కర్లేదమ్మా. మైకు ముందు."

"ఎవరు లేకుండ ఎందుకేడుస్తది సార్ ఆమె?"

"అలా కాదు, అది ఒక నమూనాగా..."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలకు నేను బాధ్యురాలిని కాను. నేను ఎవరినీ ఎదిరించిన దాన్ని కాను. గ్యాస్ బండ తెచ్చేవాడికి కూడా భయపడతాను.

"సార్, అంత దూరం నుంచి ముసలామెను ఎందుకు రప్పించుడు? ఊరికే ఏడవడానికైతే మీ ఇంట్ల ఆడోళ్ళు లేరా? మీతోని ఇన్నేండ్లు కాపురం చేసిన తల్లికి రాగం నేర్పే పని కూడ ఉండదు."

అవతల కాసేపు ఏ శబ్దమూ లేదు. ఆయన స్టూడియో అలాగే ఉంటుందేమో. తర్వాత పెట్టేశాడు.

జయరాజ్ నన్ను చూస్తున్నాడు. నేను గోడ పట్టుకుని కూర్చున్నాను. ఇక అయిపోయింది. కేసు పెడతాడు. పోలీసులొస్తారు. పిల్ల పాత మార్కులు కూడా కొట్టేస్తారు. మిషన్ స్కూలు వాళ్ళకు తెలిస్తే ఆ ఉద్యోగం కూడా పోతుంది. లోపలి గదిలోంచి ఒక శబ్దం వచ్చింది. పిల్లకు ఫిట్స్ వచ్చాయనుకుని పరుగెత్తాను. తబితా మంచం మీద బోర్లా పడి నవ్వుతోంది. దిండు కొరుక్కుంటూ నవ్వుతోంది.

"మళ్ళ ఒక్కసారి చెప్పమ్మా. ఏమన్నవ్?"

"నేను చెప్ప."

సాయంత్రానికల్లా అది లేచి తల దువ్వుకుంది. గైడును మార్చమని డిపార్ట్‌మెంటు పెద్దను అడుగుతానంది. మర్నాడే హైదరాబాదు బస్సెక్కింది. ఒంటరిగా పంపితే ఆ సారు ఏం చేస్తాడోనని నేనూ ఎక్కాను.

ఆ డిపార్ట్‌మెంటుకు పెద్ద ఒక మేడం. నెరిసిన జుట్టు, బల్ల నిండా కాగితాలు. తబితా చెప్పిందంతా విని నా వైపు తిరిగింది.

"మీ మీద ఒక ఫిర్యాదు ఉందమ్మా. ఫోన్లో అసభ్యంగా మాట్లాడారట. ఏమన్నారు?"

అన్నమాట అన్నట్టే చెప్పాను, దేవుని సన్నిధిలో అబద్ధం ఆడలేక. మేడం తల వంచుకుని చాలాసేపు ఏదో కాగితం చూసింది. ఆ కాగితం తలకిందులుగా ఉంది. తర్వాత గొంతు సర్దుకుని తబితాను అడిగింది.

"కారు డోరు నువ్వే వేశావా?"

"అవును మేడం."

"ఎందుకు వేశావో రాయి. అక్కడి నుంచి మొదలుపెట్టు. నేను గైడ్ చేస్తాను. ఆరు నెలలు టైము. కానీ ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. వద్దంటే లేదు."

చూశారా? మొదట ఏడుపు మీద పుస్తకం. ఇప్పుడు కారు డోరు మీద పుస్తకం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఇంతకీ దేని గురించి రాస్తావే అని.

"వాళ్ళ గురించి కాదమ్మా. వాళ్ళను చూడనీకి పోయేటోళ్ళ గురించి. సారు, నేను, నువ్వు."

తండాను చూడటం ఒక చదువు. తండాను చూసేవాళ్ళను చూడటం ఇంకో చదువు. రేపు వీళ్ళను చూడటానికి ఇంకొకరు బయలుదేరుతారు. దీనికి అంతు ఉంటుందా అని అడిగితే, ఉండదట. అదే గొప్పట. బస్సు దిగకముందే మిషన్ స్కూలుకు ఫోను చేసి మా పిల్ల చేరదని చెప్పేశాను. ఎందుకండీ అని అడిగారు. "తలకాయ సరిగ్గ లేదు," అన్నాను. ఎవరిదో వాళ్ళు అడగలేదు.

తండాకు పోయేసరికి తొలకరి పడింది. రూప్లి వాళ్ళు పత్తి గింజలు పెడుతున్నారు. మమ్మల్ని చూసి గట్టు మీదికి కూడా రాలేదు.

"మబ్బు పట్టి ఉన్నది. మాట్లాడేదుంటే సాల్లోకి రాండ్రి."

దిగాం. బురద. ప్రతి సాలులోనూ నాకు పామే కనబడుతోంది. కొంగున గింజలు పోసుకుని, వంగి, ఒక్కో గింజ పెడుతూ నడిచాను. నా పక్క సాలులో తబితా, అవతల రూప్లి. తబితా మొత్తం చెప్పింది. సారు ఫోను సంగతి, మేడం సంగతి, ఇప్పుడు రాయబోయే సంగతి. అద్దాల లంగా కట్టించి నిలబెట్టిన సంగతి కూడా రాయాల్సి ఉంటుందని చెప్పింది. రూప్లి గింజలు పెడుతూనే వింది. ఆ చివరికి పోయి, తిరిగి ఈ చివరికి వచ్చేదాకా మాట్లాడలేదు. వద్దంటుంది. వద్దంటే ఎమ్మే లేదు, వార్డెను ఉద్యోగమూ లేదు. రెండూ నా చేతుల మీదుగానే పోయాయి.

"రాసుకో," అంది రూప్లి, నడుం పట్టుకుని నిలబడి. "నాకు ఉక్కపోసింది కూడ రాయి."

"పేర్లు మారుస్త పిన్నీ. ఎవరో తెల్వకుండ. మా చదువుల గది పద్ధతి."

"ఎందుకు? దొంగతనం చేసిన్నా పేరు మార్చనీకి? రూప్లి అనే రాయి. దేవ్‌సింగ్ పెండ్లాం రూప్లి."

తబితా నా వైపు తిరిగింది. "నువ్వేమంటవమ్మా? నీది కూడ ఉంటది అందుల."

"నాది మార్చేయ్," అన్నాను. "ఈ చదువుల నా పేరు కనబడ్డదంటే కాలనీల తలెత్తుకోలేను. సుగుణమ్మ అని పెట్టు. పుల్లమ్మ అని పెట్టు. ఏదన్న పెట్టు."

రూప్లి నవ్వుతోంది. తబితా నవ్వలేదు. గింజలున్న గుప్పిలి మూసుకుని, సాలులో నిటారుగా నిలబడి నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. తర్వాత రాయడానికి యాదిలో పెట్టుకునే చూపు. అదెంతసేపు అలా నిలబడేదో, పైన ఉరిమింది.

"నన్నేం చూస్తవే? సాలు వంకర పోతున్నది, అది చూడు."